రమ్మనే గంట

ఆ గది తలుపు ఇంకా మూసే ఉంది. ఆకుపచ్చ రంగు తలుపు, కింద జానెడు మేర రంగు పెచ్చులు లేచి కర్ర కనిపిస్తోంది, ఎవరో రోజూ కాలితో తోసి తీస్తారు కాబోలు. లోపల దొర ఉన్నాడు, దొర పక్కన ఆయన మాట మనకూ మన మాట ఆయనకూ చెప్పే దుబాసీ ఉన్నాడు, పిలిచినప్పుడు నేను వెళ్ళాలి. వెళ్ళి ఏం చెయ్యాలో దుబాసీ పొద్దున్నే వచ్చి చెప్పిపోయాడు. "ఏం లేదమ్మా గంటమ్మా, దొరగారు నిన్ను మెచ్చుకుంటారు, నువ్వు తల వంచుకుని నిలబడు. ఆఖర్న ఓ దండం పెట్టు. మధ్యలో ఏదైనా అడిగితే నీకు తోచింది అను, దాన్ని సొంపుగా చెప్పడం నా పని." సొంపుగా చెప్పడం ఆయన పనే, కాదనను, మా దీవి మీద గంట మోగిస్తూనే నిలబడ్డ ఆడమనిషి అని ఆయన చెప్పిన సొంపైన మాటే కదా ఇంతదాకా తెచ్చింది. పట్నం పేపర్లో కూడా వేశారట. నా బొమ్మ గీశారట, అందులో నాకు రెండు కాళ్ళూ సరిగ్గా ఉన్నాయట.

నా ఎడమ కాలు పుట్టుకతోనే పొట్టి. బుట్ట నెత్తిన పెట్టుకుని బురదలో నడవలేనని కంపెనీ మేస్త్రీ నన్ను గంట దగ్గర కూర్చోబెట్టాడు, అప్పటికి నాకు పద్నాలుగేళ్ళు, ఆనాటి నుంచి నా పేరు పోయి గంటమ్మ మిగిలింది. నవ్వుతూనే పిలిచేవాళ్ళు, నేనూ నవ్వుతూనే పలికేదాన్ని. పని తేలికే. ఒడ్డున దిబ్బ మీద రెండు స్తంభాలు, వాటి మధ్య పాత ఓడది ఇత్తడి గంట, దానికి తాడు. దిబ్బ కింద ముందువైపు సముద్రం, వెనకవైపు మా ఇళ్ళు. సముద్రం అంచున లోతు లేని చోట గుంటలు, ఆ గుంటల్లో కొబ్బరి డొక్కలు, మీద రాళ్ళు. ఎనిమిది నెలలు ఉప్పునీళ్ళలో నానితే గాని డొక్క మెత్తబడి పీచు ఊడిరాదు. నీళ్ళు బాగా వెనక్కి పోయిన రోజే ఆ రాళ్ళు తీసి డొక్కలు పైకి లాగాలి, పోటు మళ్ళీ వచ్చేలోపు లాగెయ్యాలి, ఒక్క ఆటు తప్పిందంటే డొక్క కుళ్ళి పీచు నల్లబడుతుంది. అందుకని నీళ్ళను చూస్తూ కూర్చునే మనిషి ఒకరు కావాలి. నీళ్ళు తీసినప్పుడు మూడు దెబ్బలు, కాస్త ఆగి మూడు దెబ్బలు. రండి అని. నీళ్ళు తిరిగేముందు ఆగకుండా గబగబా దెబ్బలు. తొందరగా కానివ్వండి, దూరం గుంటలు మిగిలిపోయాయి, పరిగెత్తండి అని. ఈ రెండే. ఇరవై రెండేళ్ళు ఈ రెండే మోగించాను, మూడోది ఒకటి ఉండాలన్న ఆలోచన నాకు గాని మేస్త్రీకి గాని కంపెనీకి గాని ఎప్పుడూ రాలేదు. రమ్మని చెప్పడానికి గంట ఉంది. పొమ్మని చెప్పడానికి గంట లేదు.

వదిన నా పక్కన బల్ల మీద కూర్చుని కాలికి చుట్టిన గుడ్డ విప్పుతోంది. మా అన్న పెళ్ళాం. అన్న చెట్టు మీద నుంచి పడి పోయి నాలుగేళ్ళు, అయినా నేను ఆ ఇంట్లోనే ఉన్నాను, నన్ను వేరే పొమ్మన్నవాళ్ళు లేరు. గంజి వార్చుతుంటే ఒలికి వదిన పాదం కాలింది, సముద్రం దీవి మీదికి రావడానికి రెండు రోజుల ముందు. ఇప్పుడు బొబ్బ ఆరి చర్మం ఊడుతోంది, కింద కొత్త చర్మం లేత రంగులో. పదకొండు రోజుల్లో కాలు కొత్తదైపోయింది. ఈ ఒంటికి ఎంత తొందరో. ఎవరు ఉన్నారో ఎవరు లేరో చూసుకోకుండా చర్మం దాని పని అది చేసుకుపోతోంది.

"దురదగా ఉందే," అంది వదిన.

"గోకకు," అన్నాను.

ఈ తొమ్మిది రోజుల్లో మేము మాట్లాడుకున్నవి ఇలాంటివే. అన్నం తిన్నావా, దుప్పటి అటు జరుపు, గోకకు. ఆమె నన్ను ఏమీ అడగలేదు. పట్నం రేవు పక్కన ఈ గిడ్డంగిలో మాకు చోటిచ్చిన మొదటి రోజు సాయంత్రం నా తల దువ్వుతూ ఒక్కమాట అంది, "నీ గంట విని కుంటుకుంటూ వచ్చానే, లేకపోతే ఇంట్లోనే పోయేదాన్ని." అంతే. దువ్వెన చిక్కులో ఇరుక్కుంది, ఆమె లాగలేదు, మెల్లగా విడదీసింది. ఒక్క లాగు లాగి ఉంటే బాగుండేది. నొప్పికి అరిచేదాన్ని. అరుపు మొదలైతే దాని వెనకే మిగతాదీ వచ్చేదేమో.

వసారా చివర తాడు తాత నడుస్తున్నాడు. వెనక్కి నడుస్తున్నాడు. మా దీవిలో తాడు పేనేవాళ్ళు అంతే, నడుముకు పీచు చుట్టుకుని, రాట్నం వైపు మొహం పెట్టి, పేనుకుంటూ పేనుకుంటూ వెనక్కి వెళ్తారు. అరవై ఏళ్ళు అలా నడిచిన మనిషి, ఇప్పుడు నడుముకు పీచు లేదు, ఎదురుగా రాట్నం లేదు, కాళ్ళు మాత్రం వెనక్కే పోతున్నాయి, వేళ్ళు గాలిని పేనుతున్నాయి. రెండుసార్లు స్తంభానికి గుద్దుకున్నాడు. ఇందాక ఒకామె విసుక్కుంది.

"తాతా, కాస్త ముందు చూసి నడవరాదూ?"

"ముందేముందే చూడ్డానికి?" అన్నాడు. తర్వాత నన్ను చూసి ఆగాడు. రోజూ అడిగేదే మళ్ళీ అడిగాడు. "గంటమ్మా, నా తాడు తెగలేదు కదూ?"

"తెగలేదు తాతా."

"ఎంతసేపు లాగినా తెగలేదు కదూ?"

"తెగలేదు."

తల ఊపి వెనక్కి వెళ్ళిపోయాడు. గంటకు కట్టిన తాడు ఆయన పేనిందే. తెగనే లేదు. నా అరచేతుల చర్మమే తాడుతో పాటు పోయింది. రెండు చేతులకూ కట్లు కట్టారు, వేళ్ళు ముడుచుకునే ఉన్నాయి, తెరవమంటే తెరుచుకోవు. డాక్టరు ఒక్కొక్క వేలూ పట్టుకుని చూసి, లోపల ఏం చెడిపోలేదు, తెరవొచ్చు అన్నాడట. తెరవొచ్చు. ఆ మాటే దుబాసీ రెండుసార్లు చెప్పాడు, నేను బద్ధకిస్తున్నట్టు.

ఎక్కడో వీధిలో బండికి కట్టిన గంట గణగణమంది. బల్ల మీద వాళ్ళందరి భుజాలు ఒక్కసారి లేచి దిగాయి. నావీ లేచాయి. ఈ ఊరి నిండా గంటలే, బడికి గంట, మిల్లుకు గంట, నీళ్ళబండికి గంట, ఎవరూ లెక్కచెయ్యరు, తిన్నగా వాళ్ళ దారిన వాళ్ళు పోతారు. మొదటి రోజు నాకు కోపం వచ్చింది. మోగుతుంటే లేవరేమిటి ఈ మనుషులు అనుకున్నాను. ఇప్పుడు వాళ్ళను చూస్తే అసూయగా ఉంది.

ఆ రోజు పొద్దున్న అల్మారాలో గిన్నెల మూతలు అదిరాయి. వదిన మంచం మీద నుంచే అంది, "మర మొదలైంది, పొద్దెక్కిపోయింది, పిచ్చుకని లేపు." పీచు మోపులు నొక్కే ఆవిరి మర రోజూ ఆ వేళకే మొదలవుతుంది, అది మొదలైతే దీవి మొత్తం సన్నగా వణుకుతుంది, మూతలు చప్పుడు చేస్తాయి, కుండలో నీళ్ళ మీద గీతలు పడతాయి. ఆ వణుకులోనే పుట్టాం, ఆ వణుకులోనే పెరిగాం, అది ఆగితేనే మాకు తోచదు. మూతలు ఎక్కువసేపే అదిరాయి. పిచ్చుకని లేపాను. దాని జడ వేశాను. జడ సగంలో ఉండగా కూడా మూత ఒకటి కింద పడి దొర్లితే అది నవ్వింది, "అత్తా, మరకి ఇవాళ ఆకలెక్కువేసింది" అంది. నేనూ నవ్వాను. నవ్వాను. మర పట్టీ ముందు రోజు సాయంత్రమే తెగిపోయింది. మేస్త్రీ తిట్టుకుంటూ మా ఇంటి ముందు నుంచే వెళ్ళాడు, రెండు రోజులు మర నడవదు అని నాతోనే చెప్పాడు. నాతోనే. మర లేదని తెలిసి, నేల వణుకుతుంటే మర వణుకని జడ వేస్తూ కూర్చున్నాను. ఈ సంగతి నాకు ఎప్పుడు గుర్తొచ్చింది, ఈ బల్ల మీదే, నిన్న మధ్యాహ్నం, ఎవరో అన్నం గిన్నె మీద మూత పెడుతుంటే. ముద్ద నోట్లో అలాగే ఉండిపోయింది. వదిన చూసి, తిను, చల్లారిపోతోంది అంది.

పిచ్చుక అంటే నా మేనకోడలు. తొమ్మిదేళ్ళు. నా గంట మోగితే అది అన్నం మధ్యలో వదిలేసి లేచేది. వదిన దెప్పేది, "మొగుడు పిలిచినా నేను ఇంత ఉరుకు ఉరకలేదే, మీ అత్త గంటలో ఏముందో." ఆ రోజు వదినకు కాలు బాగాలేదు కాబట్టి వదిన బదులు అది వచ్చింది. వదిన బుట్ట తీసుకుని. ఆ బుట్ట దానికి భుజాల దాకా దిగిపోయేది, మొహం కనపడేది కాదు, నడిచే బుట్టలా ఉండేది.

పొద్దు బాగా ఎక్కాక నీళ్ళు వెనక్కి పోవడం మొదలెట్టాయి. అది పోటు వేళ. నీళ్ళు నిండుగా ఉండాల్సిన వేళ. నాకు తెలుసు, ఇరవై రెండేళ్ళు నీళ్ళను చూసినదాన్ని, నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది. ఎవరో చాప చుట్టినట్టు పోతున్నాయి. మొదటి వరస గుంటలు తేలాయి, రెండో వరస, మూడో వరస, నా చిన్నప్పుడు రాళ్ళు పెట్టి మళ్ళీ ఎన్నడూ అందుకోలేకపోయిన గుంటలు కూడా తేలాయి, వాటి వెనక నేల, ఎన్నడూ చూడని నేల, నాచు పట్టి పచ్చగా మెరుస్తూ, దాని మీద చేపలు ఎగిరెగిరి పడుతూ. నాకు భయం వేసిందా అని దొర అడగొచ్చు. లేదు. సంతోషం వేసింది. అదీ నిజం. ఓసారి జ్వరంతో ఒళ్ళు తెలియక పడుకుని ఒక ఆటు పోగొట్టాను, ఆ నల్లబడ్డ పీచు చూపించి మేస్త్రీ నన్ను నెల రోజులు సాధించాడు, ఇదిగో ఇప్పుడు సముద్రం దానంతట అది వేళ కాని వేళ ఇచ్చింది, నేను మెలకువగా ఉన్నాను, చూశాను, అందరికన్నా ముందు చూశాను. పరిగెత్తి తాడు పట్టుకున్నాను. మూడు దెబ్బలు. ఆగి మూడు దెబ్బలు. ఇళ్ళలోంచి బుట్టలు బయటికి వచ్చాయి. నవ్వుకుంటూ వచ్చారు. దిబ్బ పక్కగా దిగుతూ ఒకడు కేక వేశాడు, "గంటమ్మా, సముద్రాన్ని మింగేశావా ఏంటి?" వాడికి నేనేదో బదులు చెప్పాను, మొరటు మాట, వాడు పగలబడి నవ్వాడు. ఆ మాట నాకు గుర్తు రావడం లేదు. వాడికి నేనన్న ఆఖరి మాట అది.

తలుపు తెరుచుకుంది. దుబాసీ తల బయటపెట్టాడు. "ఇంకో పావుగంటమ్మా, దొరగారు కాగితాలు చూస్తున్నారు." నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "నీ అదృష్టం బావుంది. మిగతా వాళ్ళంతా మధ్యాహ్నం స్టీమరెక్కి దూరం తోటలకి పోవాలి. దీవిలో బావులన్నీ ఉప్పయిపోయాయి, ఇంక అక్కడికి ఎవర్నీ పోనివ్వరు. నిన్నూ మీ వదిన్నీ మాత్రం ఇక్కడే ఉంచుతారు. మిల్లు గేటు దగ్గర గంట పని, పక్కనే గది, కిటికీ ఉంది, కొళాయి ఉంది. వచ్చేవాళ్ళకి నిన్ను చూపించుకోవచ్చు కూడా." నవ్వాడు. మంచివాడే. "చెడగొట్టుకోకు."

వదిన వింది. గుడ్డ మళ్ళీ కాలికి చుట్టుకుంటూ, "కొళాయట," అంది, మెల్లగా, ఆ మాట ఎలా ఉంటుందో నోట్లో వేసుకుని చూసినట్టు. దూరం తోటలకు పోయినవాళ్ళ సంగతి మాకు తెలుసు. నా చిన్నప్పుడు ఓ ఇరవైమందిని పట్టుకుపోయారు, జ్వరాలట, ఇద్దరు తిరిగొచ్చారు. నేను నోరు మూసుకుని దండం పెడితే వదినకు ఓ గది, ఓ కిటికీ. దానికి నేను రోజూ ఓ తాడు లాగాలి, మనుషులు పరిగెత్తుకుంటూ రావాలి. సరే, అదీ చేస్తాననుకో. ఆ గదిలో వదినా నేనూ ఎదురెదురుగా కూర్చుని అన్నం తినాలి. నీ గంట విని బతికానే అని ఆమె అంటుంది. నేను ముద్ద మింగాలి.

ఆ రోజు అందరూ గుంటల్లో ఉండగా సముద్రం చివర తెల్లగీత కనిపించింది. మొదట నేను మబ్బు అనుకున్నాను. తర్వాత అది లావు అయింది. కింద వాళ్ళకు కనపడదు, వాళ్ళు వంగి రాళ్ళు తీస్తున్నారు, వాళ్ళ వీపులే కనిపిస్తున్నాయి, దిబ్బ మీద నాకొక్కదానికే కనిపిస్తోంది. అరిచాను. పోవద్దు, పైకి రండి, పైకి అని అరిచాను, అరుస్తూనే తాడు పట్టుకుని లాగడం మొదలెట్టాను, నా గొంతును నా గంటే మింగేసింది. ఎలా మోగిస్తే పారిపొమ్మని తెలుస్తుంది, నా చేతులకు తెలియదు, నా చేతులకు తెలిసినవి రెండే, ఎంత గట్టిగా లాగితే అంత గబగబా, ఆగకుండా, గబగబా. వెనక ఇళ్ళలో మిగిలినవాళ్ళు, ముసలివాళ్ళూ బాలింతలూ కాలు బాగాలేని వదినా, ఈ గోలేమిటని గంట దగ్గరికి వచ్చారు, దిబ్బ ఎక్కారు, బతికారు. నలభై ఒక్కమంది. దొర కాగితంలో ఉన్నది వాళ్ళే. కింద వాళ్ళు నడుములు ఎత్తారు. గంట వైపు చూశారు. దూరం గుంటలు, తొందరగా. బుట్టలు ఎత్తుకుని, అటు తిరిగి, సముద్రం వైపు పరిగెత్తారు. నా మాట విన్నారు. ఇరవై రెండేళ్ళుగా విన్నట్టే విన్నారు. వినకుండా ఒక్కడు, ఒక్క మొండివాడు పైకి వస్తాడేమో అని చూశాను.

పిచ్చుక దూరం పోలేదు. బుట్ట బరువుకు వెనకబడింది. దిబ్బ కింద నలభై అడుగుల్లో ఉంది, బుట్ట పక్కన పెట్టి ఏదో చేపను చూస్తూ కూర్చుంది. గంట విని లేచింది. వెనక్కి తిరిగి నన్ను చూసింది.

"గంటమ్మా, రా," అన్నాడు దుబాసీ.

లోపల దొర కుర్చీలోంచి లేచాడు. నాకోసం ఓ దొర లేవడం అదే మొదలు. పెద్ద బల్ల, దాని మీద కాగితాలు, సిరాబుడ్డి, రూళ్ళకర్ర, కిటికీ లోంచి ఓడరేవూ స్టీమరూ. దొర ఏదో అన్నాడు, చాలాసేపు అన్నాడు, ఆయన కళ్ళలో నిజంగానే తడి ఉంది. దుబాసీ దాన్ని మూడు ముక్కల్లో చెప్పాడు. నేను తల వంచుకునే ఉన్నాను. నా పాదాల కింద చాప, నీళ్ళు చుట్టుకుపోయినట్టు అంచు మడిచి ఉన్న చాప. దండం పెడదామని చేతులు ఎత్తాను, కట్లు కట్టిన పిడికిళ్ళు రెండూ ఒకదానికొకటి తగిలాయి, దండంలా లేదు, కొట్లాటకు దిగినట్టు ఉంది. దొర నవ్వి మళ్ళీ ఏదో అడిగాడు.

"ఆ రోజు గంట ఎలా మోగించావో అడుగుతున్నారు," అన్నాడు దుబాసీ. "ఊరికే, తెలుసుకుందామని."

తలుపు తెరిచే ఉంది. బయట బల్ల మీద వదిన మోకాళ్ళు కనిపిస్తున్నాయి. నేను రెండు పిడికిళ్ళ మధ్య రూళ్ళకర్ర ఇరికించుకుని దొర బల్ల మీద కొట్టాను. మూడు. ఆగి, మూడు.

బయట బల్ల కిర్రుమంది. వసారాలో ఉన్న మావాళ్ళంతా లేచి నిలబడ్డారు. ఎవరూ ఆలోచించి లేవలేదు, కాళ్ళు లేచాయి. ఒకామె చెయ్యి పక్కన లేని బుట్టకోసం వెతికింది. తాడు తాత వెనక్కి నడవడం ఆపాడు. దొర నవ్వు ఇంకా మొహం మీదే ఉంది. అప్పుడు గబగబా కొట్టాను, ఆగకుండా, సిరాబుడ్డి ఎగిరిపడి సిరా కాగితాల మీద పారింది, దుబాసీ నా చెయ్యి పట్టుకోబోయాడు, కొడుతూనే ఉన్నాను, మావాళ్ళు కదిలారు, తలుపు వైపు, నా వైపు, ఒకరినొకరు తోసుకుంటూ గడప దాటి లోపలికి వచ్చేశారు, అందరికన్నా ముందు కాలికి గుడ్డ కట్టుకున్న వదిన. దొర గోడకు ఆనుకుపోయాడు. కర్ర నా చేతుల్లోంచి జారిపోయింది. అందరూ ఎక్కడివాళ్ళు అక్కడ ఆగి, తామెందుకు వచ్చామో తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"చూశారు కదా," అన్నాను దుబాసీతో. "కింద ఉన్నవాళ్ళూ ఇలాగే వచ్చారు. సముద్రంలోకి. నా గంట విని. ఇది సొంపు చెయ్యకుండా చెప్పండి."

దుబాసీ నోరు తెరిచాడు. చెప్పక్కర్లేకపోయింది, దొర మొహంలో రంగు పోయింది.

వదిన నన్నే చూస్తోంది. "పిచ్చుక కూడానా?" అంది.

"ఆగింది వదినా. వెనక్కి తిరిగి నన్ను చూసింది. ఏం చెయ్యమంటావత్తా అన్నట్టు చూసింది. చెయ్యి ఊపి రమ్మంటే వచ్చేసేది, నలభై అడుగులు. నా చేతులు రెండూ తాడు మీదే ఉన్నాయి. వదల్లేదు. అది బుట్ట నెత్తిన పెట్టుకుని పరిగెత్తింది."

సిరా బల్ల అంచు నుంచి చాప మీద ఒక్కో చుక్కా పడుతోంది. వదిన చెయ్యి లేచింది, కొడుతుందనుకున్నాను, కొట్టాలని ఒళ్ళంతా ఎదురుచూసింది. ఆమె నా కుడి పిడికిలి పట్టుకుంది. కట్టు కింద నుంచి బయటికి కనిపిస్తున్న వేళ్ళను ఒక్కొక్కటే, చిక్కు తీసినట్టు, తెరవసాగింది. నొప్పికి నా నోట్లోంచి వచ్చిన చప్పుడు నాదిలా లేదు.

"నేను రానన్నాను," అంది వదిన, వేళ్ళనే చూస్తూ. "కాలు నొప్పి, నువ్వు పో అన్నాను. బుట్ట పెద్దదమ్మా అంది. పెద్దదైతే ఎక్కువ పడతాయి పో అన్నాను."

ఆఖరి వేలు తెరుచుకుంది. అప్పుడు కిటికీ బయట స్టీమరు కూత వేసింది. పొడుగ్గా, ఆగి మళ్ళీ పొడుగ్గా, ఎక్కండి రండి అని. మేస్త్రీలు రేవులో కేకలు వేస్తున్నారు. గది నిండా మావాళ్ళు, వసారా నిండా మావాళ్ళు. స్టీమరు మూడోసారి కూసింది.

ఎవరూ కదల్లేదు.